పన్నెండు ముక్కలు

ఇంటి దగ్గర,
ఫిబ్రవరి 6

బావా,

నువ్వు బండెక్కిన దగ్గర్నుంచి ఈ ఉత్తరం మనసులో రాసుకుంటూనే ఉన్నాను. కాగితం మీద పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది.

"రిటైరయ్యాక ఇక్కడికే వచ్చేయనా?" అన్నావు. అది కూడా ఎక్కడ, రోడ్డు దాటుతుండగా, నా వినబడని చెవి వైపు నిలబడి. నేను "ఏంటీ?" అన్నాను. "ఏం లేదు, బస్సొస్తోంది, చూసి నడువు" అన్నావు. నిజం చెప్పనా? మొదటిసారే వినబడింది. మళ్ళీ అంటావేమోనని అడిగాను. అరవై దగ్గరపడుతున్నా నీకు ఒక మాట రెండోసారి అనే ధైర్యం రాలేదు.

అసలు మొదటిసారి అనాల్సింది ముప్పై అయిదేళ్ళ కిందట. మీ నాన్నా మా నాన్నా మాటామాటా అనుకుని మొహాలు తిప్పుకున్నప్పుడు నువ్వు నోరు మెదపలేదు. కొత్త ఉద్యోగం వంక పెట్టి ఇంజనెక్కి వెళ్ళిపోయావు. నన్ను మాష్టారికిచ్చి చేశారు. ఆయన మంచివాడు. నీకొచ్చినావిడా మంచిదే. ఇద్దరూ మనల్ని వదిలి వెళ్ళిపోయారు. ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు. కానీ మొన్న బస్సు దాటిపోయాక నా మోచెయ్యి పట్టుకుని అవతలి గట్టుకి చేర్చావు చూడు, ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉన్నట్టుంది.

సరే, జవాబు. వచ్చెయ్యి.

మా అమ్మాయికి చెప్పాను. "ఇప్పటిదాకా ఏం చేస్తున్నారమ్మా ఇద్దరూ?" అంది. దాని కంటే మనమే సిగ్గుపడుతున్నాం.

ఇంకొకటి. సినిమాలో మూడుసార్లు లేచి వెళ్ళావు. తర్వాత హోటల్లో ఒకసారి, స్టేషనులో రెండుసార్లు. లెక్కపెట్టానని కోప్పడకు. ఏంటి సంగతి? ఫోనులో చెప్పొద్దు, నాకు సగమే వినబడుతుంది, నువ్వు అరిచి చెప్పే విషయమూ కాదు. రాయి.

నీ మరదలు

&nbsp;

రన్నింగ్ రూము,
ఫిబ్రవరి 19

పిచ్చుకా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి స్నానాల గదిలో తలుపేసుకుని. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య డ్రైవర్లం పడుకునే గది ఇది, ఎనిమిది మంచాలు, పదహారు కళ్ళు. బయటికొచ్చేసరికి నా మొహం ఎలా ఉందో ఏమో, తోటి డ్రైవరు భయపడి "చావు కబురా?" అని అడిగాడు. "కాదురా, బతుకు కబురు" అన్నాను.

ఆగస్టు నెలాఖరుకి నా ఉద్యోగం అయిపోతుంది. ఇంకా ఆరు నెలలు. ముప్పై అయిదేళ్ళు చిటికెలో గడిచాయి, ఈ ఆరు నెలలు మాత్రం ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగిన గూడ్సు బండిలా కదలడం లేదు.

నీకెప్పుడూ చెప్పలేదు. తెల్లవారుజామున ఊళ్ళ మధ్యలోంచి బండి తీసుకెళ్తుంటే పట్టాల పక్క ఇళ్ళలో వంటింటి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటాయి. కిటికీలో ఒక ఆడమనిషి వీపు, గిన్నె దించుతున్న చెయ్యి కనిపించి వెనక్కి వెళ్ళిపోతాయి. అలాంటివి కొన్ని వేలు చూసుంటాను. ఆ లోపల ఒక కుర్చీలో కూచుని, ఆవిడ ఇచ్చే కప్పు అందుకునేవాడు ఎంత అదృష్టవంతుడో అనుకునేవాణ్ణి. ఇప్పుడు ప్రతి కిటికీలోనూ నువ్వే కనబడుతున్నావు. వేళ్ళకి ఆ లాబొరేటరీ రంగు మరకలతో సహా.

కంట్రోలర్ని బతిమాలుకున్నాను. ఆఖరి ట్రిప్పు మీ ఊరి మీదుగా వెళ్ళే బండి ఇస్తానన్నాడు. మీ లాబు వెనక కంచె పక్కనించే లైను. అక్కడ హారను కొడతాను, పొడుగ్గా. ఏ చెవి పెట్టినా వినబడుతుంది.

సినిమా సంగతా? అది టీ మహిమ. హాల్లో చలి కూడా. నువ్వు పిచ్చుకవే గానీ కళ్ళు గద్దవి.

నీ బావ

&nbsp;

ఇంటి దగ్గర,
మార్చి 4

బావా,

వెనక గది ఖాళీ చేశాను. మాష్టారి మ్యాపులన్నీ చుట్టి స్కూలుకి ఇచ్చేశాను, ఆయన కుర్చీ ఒక్కటి ఉంచాను. గోడలకి లేత పసుపు వేయిద్దామనుకుంటున్నాను. నీకు ఇష్టమేనా? కిటికీ తూర్పుకి. మంచం ఎటు వేయాలో నువ్వొచ్చి చెబుదువుగాని అని గది మధ్యలో వదిలేశాను. దారిన పోతూ రోజూ దానికి మోకాలు కొట్టుకుంటున్నాను. కొట్టుకున్నప్పుడల్లా నిన్ను తిట్టుకుంటున్నాను, అదో సుఖం.

టీ మహిమ అంటున్నావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. నేను ముప్పై ఏళ్ళుగా మనుషుల లోపలి ముక్కలు మైనపు దిమ్మల్లో పెట్టి కోసి, గాజు పలకల మీద పరిచి, రంగులేసి డాక్టరమ్మకి ఇస్తున్నదాన్ని. నా దగ్గర సిగ్గేమిటి? అడిగినవాటికి సూటిగా జవాబు రాయి. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు? ధార సన్నబడిందా? మొదలవడానికి నిలబడి ఎదురుచూడాల్సి వస్తోందా? అయిపోయాక కూడా ఇంకా ఉన్నట్టే ఉంటుందా? ఎర్రగా ఎప్పుడైనా వచ్చిందా?

ఇంజన్లో ఆ సదుపాయం ఉండదు కదా, ఎలా నెట్టుకొస్తున్నావు? డ్యూటీకి ముందు మంచినీళ్ళు మానేస్తున్నావా ఏంటి?

రాయి బావా. ఎందుకడుగుతున్నానో ఇప్పుడు అడక్కు.

నీ మరదలు

&nbsp;

క్వార్టర్స్,
మార్చి 30

మరదలికి,

ఉత్తరం ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది.

గదికి రంగు ఇప్పుడే వేయించకు. తమ్ముడు వాళ్ళ దగ్గరికి రమ్మంటున్నాడు. వాడికీ ఒంట్లో బాగుండటం లేదు. రిటైరయ్యాక కొన్నాళ్ళు అక్కడ ఉండాల్సి రావచ్చు. ఎన్నాళ్ళో చెప్పలేను. నా కోసం నీ పనులేవీ ఆపుకోవద్దు. మన వయసులో ఆలోచించి అడుగెయ్యాలి అనిపిస్తోంది.

నువ్వడిగినవాటికి, అంతా బాగానే ఉంది.

ఉంటాను.

&nbsp;

ఇంటి దగ్గర,
ఏప్రిల్ 8

డ్రైవరు గారికి,

మీ ఉత్తరం అందింది. మీ తమ్ముడు గారు నిన్ననే మా అమ్మాయికి ఫోను చేసి, ఎవరిదో చిరునామా అడిగారట. నిక్షేపంలా ఉన్నారట, పొద్దున్నే ఆరు మైళ్ళు నడుస్తున్నారట. మిమ్మల్ని రమ్మన్న సంగతే ఆయనకి తెలియదట.

రాకూడదనుకుంటే రావద్దు. అది మీ ఇష్టం. కానీ ఆ మాట మీ నోటితో అనండి. తమ్ముణ్ణి రోగిష్టివాణ్ణి చేయక్కర్లేదు.

గోడలకి రంగు నిన్నే వేయించాను. లేత పసుపే. అది నా ఇల్లు.

ఇట్లు

&nbsp;

క్వార్టర్స్,
ఏప్రిల్ 20

పిచ్చుకా,

"మీరు" అని చదివేసరికి నాకు ముచ్చెమటలు పోశాయి. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను మీరు అన్నది లేదు. కొట్టినా బాగుండేది.

చెబుతాను. అంతా చెబుతాను.

రాత్రి అయిదుసార్లు లేస్తున్నాను. రెండేళ్ళయింది. ధార లేదు, చినుకులే. డ్యూటీకి ముందు నీళ్ళు మానేసేవాణ్ణి, ఇంజన్లో ఒక సీసా దాచుకునేవాణ్ణి. ఈ ఉద్యోగంలో సగంమంది ఇంతేలే, ముసలితనం అనుకున్నాను.

పోయిన నెల జలుబు చేసింది. మందుల షాపులో ముక్కు కారకుండా మాత్రలు అడిగి వేసుకుని బండెక్కాను. ముక్కు ఆగింది, కింద కూడా ఆగిపోయింది. మధ్యాహ్నానికి పొట్ట రాయిలా అయింది. ఒక చుక్క రాదు. వెనక బండికి దారివ్వడానికి చిన్న స్టేషన్లో పక్కనుండే లూపు లైన్లో పెట్టారు మమ్మల్ని. నేను పట్టాల పక్కన నిలబడి, ఇంజను చక్రానికి తల ఆనించి, పసిపిల్లాడిలా ఏడ్చాను. తోటి డ్రైవరు నన్ను చూసి స్టేషను మాస్టరుకి కబురంపి, ఎవరిదో కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ నర్సు గొట్టం వేసింది. సంచీ నిండింది, ఇంకో సంచీ నిండింది. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

మూడు రోజులు ఆ గొట్టంతో, కాలికి కట్టిన సంచీతో ఇంట్లో తిరిగాను. నీకు ముప్పయ్యో తారీఖు ఉత్తరం రాసింది ఆ గొట్టం తీసిన వారానికి.

డాక్టరు పెద్దమనిషి, కాస్త హాస్యగాడు. "ప్రోస్టేటు అని మూత్రాశయం కింద ఒక గ్రంథి ఉంటుంది. దాని మధ్యలోంచే మూత్రం వచ్చే గొట్టం పోతుంది. ఉసిరికాయంత ఉండాల్సింది మీకు నిమ్మకాయంతైంది. గొట్టాన్ని నొక్కేస్తోంది" అన్నాడు. తర్వాత పక్కకి తిరిగి మోకాళ్ళు ముడుచుకోమన్నాడు. వేలితో చూస్తాడట. నేను గోడకేసి చూస్తూ, మన చిన్నప్పటి ఎక్కాలు చదువుకున్నాను. పదమూడో ఎక్కం దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఏంటండీ?" అన్నాను.

"కుడిపక్క కొంచెం గట్టిగా తగులుతోంది."

"గట్టిగా అంటే?"

"గట్టిగా అంటే గట్టిగానే. రక్తం పరీక్ష చేద్దాం. అయితే ఇప్పుడు చేస్తే లెక్క తప్పుతుంది. ఆరు వారాలు ఆగండి."

మాత్ర ఇచ్చాడు. ఇప్పుడు గొట్టం లేకుండా వెళ్ళగలుగుతున్నాను. లేచి నిలబడితే మాత్రం కళ్ళు తిరుగుతాయి. ఆ సంగతి తెలిసి నన్ను ఇంజను మీంచి దించేశారు. రిటైరయ్యేదాకా ఆఫీసులో డ్యూటీ చార్టులు రాయాలి. నీ ఊరి మీదుగా ఆఖరి బండి ఇక లేదు.

ఇంకో సంగతి ఉంది, ఇది రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. ఈ మాత్రతోనో, రేపు ఆపరేషనంటే దానితోనో, మగవాడిగా తేడాలొస్తాయట. డాక్టరు చెప్పాడు. నీ దగ్గరికి కొత్త పెళ్ళికొడుకులా వస్తానని కలలు కన్నవాణ్ణి. సీసా, సంచీ చంకలో పెట్టుకుని ఏ మొహంతో రాను? ఇంకా ఆ గట్టిది ఏమిటో తెలియదు.

అందుకే తమ్ముణ్ణి రోగిష్టివాణ్ణి చేశాను. క్షమించు.

నీ బావ

&nbsp;

ఇంటి దగ్గర,
ఏప్రిల్ 28

బావా,

నాకు వచ్చిన కోపానికి ఈ ఉత్తరం అదే రోజు రాసుంటే నువ్వు తట్టుకునేవాడివి కాదు. అందుకే ఆగాను.

మాష్టారు దేంతో పోయారో నువ్వెప్పుడూ అడగలేదు. "కాన్సరు" అన్నాం, అందరూ తలలూపారు. ఆయనది కూడా ఇదే గ్రంథి.

ఆయనా ఇలాగే దాచారు. "కుర్చీలో కూచుని కూచుని నడుం నొప్పి" అన్నారు. నేను నమ్మాను. ఒకరోజు నాకు చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళి ముక్క తీయించుకున్నారు. ఈ చుట్టుపక్కల ఎక్కడ ముక్క తీసినా మా లాబుకే వస్తుందని ఆయనకి తట్టలేదో, తట్టినా వేరే దారి లేకపోయిందో. మాకు వచ్చే డబ్బాల మీద పేరుండదు, నెంబరే ఉంటుంది. ఆ రోజు పొద్దున్న పదకొండు దిమ్మలు కోశాను. అందులో ఒకటి ఆయనది. నా చేత్తోనే కోశాను బావా. నా చేత్తోనే రంగు వేశాను. "ఈ స్లైడు బాగా కుదిరింది" అని పక్కావిడకి చూపించాను కూడా.

డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూసి, కాగితం తెప్పించుకుని చదివి, నన్ను కూచోమంది.

అప్పటికే ఎముకల్లోకి పాకింది. పద్నాలుగు నెలలు ఉన్నారు. ఆ పద్నాలుగు నెలల్లో మంచం పక్కన కూచుని చేసిన సేవ నాకు కష్టమనిపించలేదు. ఆ నెంబరు డబ్బా మాత్రం ఇవాళ్టికీ మింగుడుపడలేదు. ఈ మాట మా అమ్మాయికి కూడా తెలియదు. నీకే చెబుతున్నాను.

నిన్ను భయపెట్టడానికి కాదు. నువ్వు వేరు, ఆయన వేరు. నీకు గ్రంథి పెరిగిందన్నారు కదా, అది చాలామంది మగాళ్ళకి వయసుతో పెరిగేదే. పెరగడం కాన్సరు కాదు, పెరిగినంత మాత్రాన కాన్సరుగా మారదు. ఒకే ఇంట్లో వేరే వాటాల్లో ఉండే ఇద్దరు మనుషుల్లాంటివి అవి రెండూ. రక్తం పరీక్షలో చూసే పీఎస్ఏ అనే నెంబరు రెండింటికీ పెరుగుతుంది, వాపొచ్చినా పెరుగుతుంది. అందుకే ముక్క తీసి చూస్తేగానీ తేలదు. డాక్టరు ఆరు వారాలు ఆగమనడం సరైనదే. ఆయన మంచి డాక్టరు.

ఇక మగవాడిగా తేడాల సంగతి. ముప్పై అయిదేళ్ళు ఆలస్యంగా వచ్చి నాకు నువ్వు చెప్పే కారణం ఇదా? నాకు కావాల్సింది నా మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేవాడు. మిగతాది ఉంటే ఉంటుంది, లేకపోతే నవ్వుకుందాం.

నేను నీ దగ్గర అడిగేది ఆరోగ్యం కాదు, కబురు. ఏ కాగితం వచ్చినా అదే రోజు నాకు రాయి. ఇంకోసారి దాచావంటే మాత్రం "మీరు" తోనే ఆగను.

నీ మరదలు

&nbsp;

ఆసుపత్రి, రెండో అంతస్తు,
మే 25

పిచ్చుకా,

అదే రోజు రాయమన్నావు, రాస్తున్నాను. పడుకునే రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వకు.

రక్తం నెంబరు ఎక్కువగానే ఉంది. నాలుగులోపు ఉండాల్సింది ఎనిమిది దాటింది. ఇవాళ ముక్కలు తీశారు. పక్కకి పడుకోబెట్టి, స్కానులో చూస్తూ, సూది. తుపాకీ పేలినట్టు టప్‌మని చప్పుడు, ఒక చురుకు. పన్నెండుసార్లు. డాక్టరు ప్రతిసారీ "ఇప్పుడు చప్పుడొస్తుంది" అని ముందే చెప్పాడు. తొమ్మిదోదానికి "నాకు తెలుసండీ, నేను చెప్పనా?" అన్నాను, నర్సు కూడా నవ్వింది. రెండు మూడు రోజులు ఎర్రగా వస్తుందన్నారు, వస్తోంది. జ్వరమొస్తే వెంటనే చెప్పమన్నారు. రాలేదు.

నీ ఉత్తరం జేబులోనే ఉంది. ఆ డబ్బా సంగతి చదివినప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. ఇన్నేళ్ళు దాన్ని ఒక్కదానివే మోశావు. నేను ఆయన పోయినప్పుడు వచ్చాను కదా. నువ్వు నాకు మంచినీళ్ళిచ్చి "ప్రయాణం బాగా జరిగిందా బావా?" అని అడిగావు. నేను "జరిగింది" అన్నాను. అంతే. ఇద్దరం అంతే మాట్లాడుకున్నాం.

కిటికీలోంచి యార్డు కనబడుతోంది. ఎవరో డ్రైవరు ఇంజను తెచ్చి పెట్టెలకి తగిలిస్తున్నాడు, మెల్లగా, చక్కగా చేస్తున్నాడు. పక్క మంచం పేషెంటుకి వాళ్ళావిడ దుప్పటి సర్దుతోంది. అతను ఊరికే విసుక్కుంటున్నాడు. లేచి వెళ్ళి ఒకటివ్వాలనిపించింది వాడికి.

నువ్వుంటే బాగుండును. ఇంకేం రాయను.

నీ బావ

&nbsp;

క్వార్టర్స్,
జూన్ 8

పిచ్చుకా,

కాగితం వచ్చింది. కాన్సరు లేదట.

కానీ పన్నెండులో మూడు ముక్కల్లో కణాలు మారడం మొదలైందట. డాక్టరు మాటలు అలాగే రాస్తున్నాను: "ఇది కాన్సరు కాదు. కాన్సరుకి ముందు మెట్టు కావచ్చు. చాలామంది ఆ మెట్టు మీదే ఉండిపోతారు, కొంతమంది ఎక్కుతారు. ఎవరు ఎక్కుతారో చెప్పే విద్య నా దగ్గర లేదు. దీనికి మందు అక్కర్లేదు. ఆరు నెలలకి మళ్ళీ చూద్దాం."

ముందు మెట్టు. వారం రోజులుగా ఆ మాటే చెవిలో తిరుగుతోంది. అదే రోజు రాయమన్నావు, వారం చేశాను, అందుకు తిట్టు.

ఆలోచించాను పిచ్చుకా. ఉందంటే లేదు, లేదంటే ఉంది. ఒకసారి పద్నాలుగు నెలలు చూశావు. ఇంకోసారి నీ చేత ఆ పని చేయించడానికి నా మనసొప్పడం లేదు. ఈసారి దాచి తప్పుకోవడం లేదు, చెప్పి అడుగుతున్నాను. నన్ను వదిలెయ్యి.

నీ

&nbsp;

లాబు నుంచి,
జూన్ 13

బావా,

వదలను.

దీంతోపాటు ఒక దరఖాస్తు పంపుతున్నాను. సంతకం పెట్టి ఆసుపత్రిలో ఇవ్వు. రెండో అభిప్రాయం కోసం నీ దిమ్మలు, స్లైడులు మా లాబుకి పంపమని అందులో ఉంది. అది రోగి హక్కు, ఎవరూ ఏమీ అనుకోరు. మీ డాక్టరు మంచివాడు, ఆయనే ప్యాక్ చేయిస్తాడు.

మిగతాది తర్వాత మాట్లాడదాం.

మరదలు

&nbsp;

ఇంటి దగ్గర,
జూలై 2

బావా,

మొన్న నీ పెట్టె వచ్చింది. పన్నెండు దిమ్మలు, పత్తిలో చుట్టి. డాక్టరమ్మ "వేరేవాళ్ళ చేత కోయిస్తాను, నువ్వు ఇంటికెళ్ళు" అంది. నేను వెళ్ళలేదు. "ఈసారి నెంబరు ఎవరిదో తెలుసండీ. తెలిసి కోస్తాను" అన్నాను.

మైనం పల్చగా, ఉల్లిపొర కన్నా పల్చగా, రిబ్బనులా జారుతుంటే నీళ్ళలో తేల్చి గాజు మీదికి ఎక్కించాను. దారప్పోగులంత ముక్కలు. ఇదా, నన్ను వదిలెయ్యమని నీ చేత రాయించింది అనిపించింది. ముద్దొచ్చింది కూడా, నవ్వుకో.

మామూలు రంగుల తర్వాత ఇంకో రంగు వేశాం. అదెందుకో చెబుతాను, శ్రద్ధగా చదువు. ఆ గ్రంథిలో చిన్న చిన్న గదులుంటాయి. ప్రతి గదికీ చుట్టూ ఒక వరస కణాలు గోడలా ఉంటాయి. కాన్సరైతే ఆ గోడ ఉండదు, లోపలివాళ్ళు బయటపడిపోతారు. ఈ ప్రత్యేకమైన రంగు ఆ గోడకి మాత్రమే అంటి గోధుమరంగులో కనబడుతుంది.

డాక్టరమ్మ అరగంట చూసింది. నేను ఆవిడ మెడ వెనకభాగం చూస్తూ నిలబడ్డాను. తర్వాత జరిగి, "రా, నువ్వే చూడు" అంది.

చూశాను బావా. లోపలి కణాలు మారిన మాట నిజమే. పెద్దవై, ఒకదాని మీదొకటి ఎక్కి, ముదురు ఊదారంగులో కిక్కిరిసి ఉన్నాయి. కానీ చుట్టూ గోధుమరంగు గోడ ఉంది. అక్కడక్కడ ఒక పూస రాలినట్టుంది గానీ దండ తెగలేదు. మూడు ముక్కల్లోనూ అంతే. మిగతా తొమ్మిదీ ఉత్త పెరుగుదల.

"మీ డాక్టరు రాసింది అక్షరాలా కరెక్టు" అంది ఆవిడ. "అయితే మూడు చోట్ల ఉంది కాబట్టి అశ్రద్ధ చేయకూడదు. సూది పక్కనించి పోయి ఏదైనా తప్పించుకుందేమో కూడా చూడాలి. ఆరు నెలలకి మళ్ళీ ముక్కలు తీయాల్సిందే. అలా కనిపెట్టుకుని ఉంటే, ఒకవేళ మారినా మొదట్లోనే పట్టుకుంటాం."

ఇదీ సంగతి. నీకు ఏమీ కాదని నేను రాసివ్వలేను. ఆవిడా రాసివ్వలేదు. కానీ ఆ ముక్కలు నువ్వు ముందే తీయించుకున్నావు. మాష్టారికి నేను ఇవ్వలేకపోయిన ఆరు నెలలూ, ఏడాదులూ నీ చేతిలో ఉన్నాయి. వాటిని ఈసారి నా పేరు చెప్పి అక్కడ ఒక్కడివే కూచుని ఖర్చు పెడతానంటే నాకు ఒళ్ళు మండుతోంది.

నిన్ను వదిలెయ్యమన్నావు. వదిలేస్తే నేను సుఖంగా ఉంటాననుకున్నావా? నీకు ఎలా ఉందోనని ప్రతి డబ్బా మీద నెంబరు చూసి ఉలిక్కిపడుతూ బతకాలి. దూరంగా ఉండి భయపడేకన్నా పక్కనుండి భయపడటం నయం. పక్కనుంటే కనీసం తిట్టుకోవచ్చు.

సాయంత్రం పూట లాబు నుంచి వచ్చి చెప్పులు విప్పాక, ఇంట్లో ఇంకొకరి చెప్పులు ఉండాలని ఉంది. నాకు ఇంతకన్నా బాగా చెప్పడం రాదు.

ఎప్పుడొస్తున్నావు?

నీ మరదలు

&nbsp;

ఆఫీసు,
జూలై 9

పిచ్చుకా,

సెలవులు చాలా మిగిలిపోయాయి, వాడుకుంటానని పెద్దాఫీసరుతో చెప్పాను. "ఆగస్టు నెలాఖరుకి పార్టీ ఇద్దామనుకున్నామే" అన్నాడు. "నేను లేకుండా ఇచ్చుకోండి" అన్నాను.

ఇరవై ఒకటో తారీఖు బండికి బయల్దేరుతున్నాను. ప్యాసింజరు బండిలో, కిటికీ పక్క సీటు. పెట్టెలో బట్టలు, మాత్రలు, రిపోర్టుల ఫైలు ఉన్నాయి. దారిలో ఎన్నిసార్లు లేస్తే అన్నిసార్లు లేస్తాను, సిగ్గు లేదు.

రిజిస్ట్రారు ఆఫీసు ఎన్ని గంటలకి తెరుస్తారో కనుక్కో. ఈసారి నీ వినబడే చెవి వైపు నిలబడి అడుగుతాను.

నీ బావ

&nbsp;

మనింటి దగ్గర,
డిసెంబరు 12

పిచ్చుకా,

కవరు విప్పి పది నిమిషాలు కూడా కాలేదు. ముందు నీకే రాస్తున్నాను. మీ అమ్మాయికి ఫోను తర్వాత చేస్తాను.

అలాగే ఉందట. ఈసారి తీసిన ముక్కల్లో రెండింటిలో ఆ మారిన కణాలున్నాయి, గోడ ఉంది, కాన్సరు లేదు. రక్తం నెంబరు కొంచెం తగ్గింది. డాక్టరమ్మ తానే ఇంటికొచ్చి కవరిచ్చి, టీ తాగి వెళ్ళింది. "ఇక ఆరు నెలలకోసారి రక్తం పరీక్ష. నెంబరు ఎగబాకితే మళ్ళీ ముక్కలు. ఆమెకి మీరు రాస్తారా, నేను చెప్పనా?" అంది. "నేనే రాస్తాను, నాకు శిక్ష అది" అన్నాను.

రాత్రి రెండుసార్లే లేస్తున్నాను. నువ్వు వెళ్ళాక మూడు. మూడోసారి అవసరం లేకపోయినా మెలకువ వస్తోంది. చెయ్యి పక్కకి వేస్తే దుప్పటి చల్లగా తగులుతుంది. ఆ ఊళ్ళో కొత్త లాబువాళ్ళకి పని నేర్పడానికి నెల రోజులు పడుతుందా? దిమ్మ పెట్టాలి, కొయ్యాలి, రంగెయ్యాలి, అంతే కదా. నేను నాలుగు నెలల్లో చూసి నేర్చేసుకున్నాను.

డాక్టరు భయపెట్టిన తేడాలు నిజంగానే వచ్చాయి. అది చెప్పకుండా నేను ఎంత బెంగపెట్టుకున్నానో, చెప్పాక నువ్వు ఎంతసేపు నవ్వావో తలుచుకుంటే, వంటింట్లో ఒక్కణ్ణీ నవ్వుకుంటున్నాను. నీ చల్లటి పాదాలు నా కాళ్ళ మధ్య దూర్చి పడుకుంటావు చూడు, నాకు అది లేకపోతే నిద్ర రావడం లేదు. ఇది రాయడానికి ఒక్క కాగితం కూడా చింపలేదు.

నువ్వు తిరిగొచ్చే బండి టైము మారింది, చూసుకున్నావా? శనివారం నాలుగున్నరకి. ఉద్యోగమంతా నేను బండిలో ఉన్నాను, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనుషులు వెనక్కి జరిగిపోతుంటే ఏమీ అనిపించేది కాదు. వాళ్ళు ఎంతసేపట్నుంచి నిలబడి ఉన్నారో నాకు తెలియదు. ఇప్పుడు తెలుస్తోంది. ఇంకా తొమ్మిది రోజులు.

మూడింటికే వెళ్ళి నిలబడతాను. నవ్వకు.

నీ బావ